కొత్త వెర్షన్ ఇంకా రాలేదా? వ్యాపార డేటాబేస్‌ను ఈలోగా నడుపుకునే పద్ధతి

మా వైపు ఒకప్పుడు ఇంటి తలుపుల మీద ‘రేపు రా’ అని రాసేవారు. దయ్యం వచ్చి, అది చదువుకుని వెళ్లిపోయి, మర్నాడు మళ్లీ వచ్చి మళ్లీ అదే చదువుకునేదట. డేటాబేస్ కంపెనీల విడుదల ప్రణాళికలు చదివినప్పుడల్లా నాకు ఆ తలుపు గుర్తుకొస్తుంది. దయ్యం స్థానంలో నేనుంటాను.

మందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒక సంస్థలో డేటాబేస్ బాధ్యత నాది. “ఆ కొత్త వెర్షన్ వచ్చిందా బాబూ?” అని మా అకౌంట్స్ పెద్దాయన ప్రతి సోమవారం అడిగేవారు. “ఇంకా లేదండీ” అని నేను చెప్పేవాణ్ని. ఇలా రెండేళ్లు నడిచింది. తిట్టుకుంటూ కూర్చున్న ఆ రెండేళ్లలో చేసుకోగలిగిన పనులు బోలెడు ఉన్నాయని నాకు ఆలస్యంగా తెలిసింది. అవే ఇక్కడ వరసగా చెబుతున్నాను. మీది బియ్యం మిల్లు కావచ్చు, చిట్‌ఫండ్ కావచ్చు, లోపల ఉన్న డేటాబేస్ ఒరాకిల్ కావచ్చు, ఎస్‌క్యూఎల్ సర్వర్ కావచ్చు. పద్ధతి పెద్దగా మారదు.

1. ఎవరి గడియారం ఆగిందో ముందు చూడండి

ఆలస్యం అని మనం ఒక్క మాటలో అనేసేదానిలో మూడు ఆలస్యాలు కలిసి ఉంటాయి. డేటాబేస్ తయారీదారు వెర్షన్ విడుదల చేయడానికి పట్టే కాలం ఒకటి. దాని మీద నడిచే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను మీకు అమ్మినవారు ‘ఈ వెర్షన్ మీద మాది నడుస్తుంది’ అని ఒప్పుకోవడానికి పట్టే కాలం రెండోది. ఆ ఒప్పుకోలు వచ్చాక మన ఆఫీసులో దాన్ని ఎక్కించుకోవడానికి పట్టే కాలం మూడోది. ఒక కాగితం తీసుకుని ఈ మూడు తేదీలూ రాయండి. కింద నాలుగో తేదీ కూడా రాయండి: ఇప్పుడు మీరు వాడుతున్న వెర్షన్‌కు తయారీదారు మద్దతు ఆగిపోయే రోజు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 అయితే అది 2026 జూలై 14. మైఎస్‌క్యూఎల్ 8.0 అయితే 2026 ఏప్రిల్.

నేను ఈ కాగితం రాసుకున్న రోజు తలెత్తుకోలేకపోయాను. మేం ఎదురుచూస్తున్న సదుపాయం మార్కెట్లోకి వచ్చి అప్పటికే మూడేళ్లయింది. సాఫ్ట్‌వేర్ అమ్మినవారు ఏడాదిన్నర తీసుకున్నా చివరికి ఒప్పుకున్నారు. ఆ మెయిల్ మా పెట్టెలోనే, ఎవరూ తెరవకుండా ఉంది. మిగతా ఏడాదిన్నర అచ్చంగా మాది. సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టం పాతబడింది, కొత్తది కొనే ఫైలు సంతకం కోసం ఎవరి బల్ల మీదో నిద్రపోతోంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తిట్లన్నీ మాత్రం తయారీదారుకు పడ్డాయి.

అలాగని తయారీదారులను వెనకేసుకు రావడం లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000 తర్వాతి వెర్షన్ రావడానికి 2005 దాకా పట్టింది. ఒరాకిల్ 19సీ వచ్చింది 2019లో. దీర్ఘకాల మద్దతున్న తర్వాతి వెర్షన్ 23సీ అన్నారు. ఎదురుచూపులోనే దాని పేరు 23ఏఐగా మారింది. 2024 మేలో అది వచ్చింది కానీ క్లౌడ్‌లోనూ, ఒరాకిల్ సొంత ప్రత్యేక యంత్రాల మీదా మాత్రమే. మామూలు సర్వర్లు కొనుక్కుని నడుపుకుంటున్న వాళ్లు ఆ తర్వాత కూడా చాలాకాలం గుమ్మం బయటే నిలబడ్డారు. విజువల్ ఫాక్స్‌ప్రో అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్‌ను నమ్ముకున్నవాళ్ల కథ ఇంకా ఘోరం. 9.0 వెర్షన్ తర్వాత ఇక పదో వెర్షన్ ఉండదని 2007లో మైక్రోసాఫ్ట్ తేల్చి చెప్పింది.

నా అభిప్రాయం అడిగితే, డేటాబేస్ నెమ్మదిగా రావడం నాకు తప్పుగా తోచదు. ఫోనులో యాప్ చెడితే తీసేసి మళ్లీ వేసుకుంటాం. డేటాబేస్ తప్పు చేస్తే పదేళ్ల లెక్కల పుస్తకం కాలిపోయినట్టే. కొత్త వెర్షన్ పాత వెర్షన్ల ఫైళ్లను తప్పు లేకుండా చదవాలి, మధ్యలో కరెంటు పోయినా నిలబడాలి. దానికి సమయం పడుతుంది. తేదీ చెప్పకుండా ఊరించడం మాత్రం తప్పే.

2. కావాల్సిన వాటిని మూడు కుప్పలు చేయండి

‘కొత్త వెర్షన్ వస్తే అవుతుంది’ అని మీ ఆఫీసులో వాయిదా వేసిన పనులన్నీ ఒకచోట రాయండి. ఇప్పటి వెర్షన్‌లోనే అయ్యేవి ఒక కుప్ప, చుట్టుదారిలో అయ్యేవి ఒక కుప్ప, కొత్త వెర్షన్ లేకుండా నిజంగా కానివి ఒక కుప్ప. మూడో కుప్ప మీరనుకున్నంత పెద్దగా ఉండదు.

మొదటి కుప్పకు మా ఇంటి ఉదాహరణే చెబుతాను. షాపుల యజమానుల పేర్లు తెలుగులో నమోదు చేస్తే ప్రశ్నార్థకాలుగా మారిపోయేవి. “తెలుగు కొత్త వెర్షన్‌లో వస్తుంది” అని సాఫ్ట్‌వేర్ వాళ్లు చెప్పారు, మేం నమ్మాం. కొత్త వెర్షన్‌తో దానికి సంబంధమే లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అయితే పేరు ఉండే గడి రకాన్ని వార్‌చార్ బదులు, అన్ని భాషల అక్షరాలూ పట్టే ఎన్‌వార్‌చార్‌గా పెట్టాలి, ప్రోగ్రాంలో నేరుగా రాసే పేరుకు ముందు ఎన్ అక్షరం చేర్చాలి. 1998లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచే ఈ ఏర్పాటు ఉంది. గడి మార్చి, ముందు ఎన్ పెట్టడం మరిచిపోతే మళ్లీ ప్రశ్నార్థకాలే వస్తాయి. చాలామంది సగం పని చేసి ‘మార్చినా రావడం లేదు’ అనేది ఇక్కడే.

ఒరాకిల్‌లో చిక్కు ఇంకో రకం. అక్కడ గడి పొడవును మామూలుగా బైట్లలో, అంటే కంప్యూటర్‌లో పట్టే చోటుతో, లెక్కపెడతారు. అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. ముప్పై బైట్ల గడిలో ‘వేంకటేశ్వరరావు’ అని రాయబోయారనుకోండి. ‘వేంకటేశ్వర’ దగ్గరే సరిగ్గా ముప్పై నిండిపోతాయి. ‘రావు’ బయట నిలబడతాడు, డేటాబేస్ మొత్తం పేరునే వద్దంటుంది. మొత్తం పేరుకు 42 బైట్లు కావాలి. ఇంగ్లిష్‌లో అదే పేరు పదిహేను, పదహారు బైట్లలో సర్దుకుంటుంది కాబట్టి పట్టిక తయారు చేసినవారికి ఈ సంగతి తట్టదు. గడి పొడవును బైట్లలో కాకుండా అక్షరాలలో చెప్పే పద్ధతి ఒరాకిల్‌లో ఏళ్ల తరబడి ఉంది. పట్టిక నిర్వచనంలో 30 పక్కన చార్ అనే మాట చేర్చడమే. అయితే పొల్లు, గుణింతాలు ఇక్కడ కూడా విడి అక్షరాలుగానే లెక్కకు వస్తాయి, కాబట్టి కంటికి కనిపించే అక్షరాలకు రెట్టింపు చోటు ఇవ్వండి.

రెండో కుప్పలో చుట్టుదారులు ఉంటాయి. అవును, కాదు అని దాచుకునే బూలియన్ రకాన్ని డేటాబేస్‌ల ఉమ్మడి భాష అయిన ఎస్‌క్యూఎల్ ప్రమాణం 1999లోనే చేర్చింది. ఒరాకిల్ పట్టికల్లోకి అది 23వ వెర్షన్‌తో గానీ రాలేదు. అంతకాలం ప్రపంచం ఆగలేదు. ఒక అక్షరం పట్టే గడి పెట్టి, అందులో వై లేదా ఎన్ తప్ప ఇంకేదీ పడకుండా చెక్ నిబంధన రాసుకుని అందరూ పని నడిపించారు. చెక్ నిబంధన అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. మైఎస్‌క్యూఎల్ 2019 ఏప్రిల్‌లో వచ్చిన 8.0.16కు ముందు ఈ నిబంధనను రాయనిచ్చేది, సరేనని తల ఊపేది, అమలు మాత్రం చేసేది కాదు. స్టాకు మైనస్‌లోకి వెళ్లకూడదని రాసుకుని నిశ్చింతగా ఉన్నవాళ్ల పట్టికల్లో మైనస్ స్టాకు దర్జాగా కూర్చునేది. మీది ఇంకా 5.7 అయితే ట్రిగ్గర్ (పట్టికలో ఏదైనా వేసేటప్పుడు దానంతటదే నడిచే చిన్న ప్రోగ్రాం) రాసి ఆపండి. కాగితం మీద నిబంధన ఉందని ఊరుకోకండి, ఒక మైనస్ అంకె వేసి చూడండి.

మూడో కుప్ప మిగిలితే దాన్ని విడిగా పెట్టుకోండి, నాలుగో మెట్టులో పనికొస్తుంది. దాని మీద ఆధారపడి కొత్త రిపోర్టులు, కొత్త పట్టికలు ముందే గీసుకోవడం మాత్రం వద్దు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

3. తరచుగా మారేవాటిని వెర్షన్‌కు కట్టేయకండి

ఈ మెట్టు ఒక్కటే చేసినా ఈ వ్యాసం చదివిన శ్రమ గిట్టుబాటవుతుంది.

2025 సెప్టెంబర్ 3న జీఎస్‌టీ కౌన్సిల్ కొత్త రేట్లు ప్రకటించింది. 22 నుంచి అమలు. చేతిలో ఉన్నది 19 రోజులు. మందుల్లో ఎక్కువ భాగం 12 శాతం నుంచి 5 శాతానికి దిగాయి, కొన్ని ప్రాణరక్షక మందులకు పన్నే పోయింది. రేటును పట్టికలో ఉంచుకున్నవాళ్లకు అది ఒకటి రెండు సాయంత్రాల పని. రేటు ప్రోగ్రాం లోపల రాసి ఉన్నవాళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్లు చేస్తూ, ‘తర్వాతి వెర్షన్‌లో ఇస్తాం’ అన్న మాట వింటూ కూర్చున్నారు. ప్రభుత్వం మీ విడుదల పట్టిక చూసి రేట్లు మార్చదు.

పట్టిక ఇలా ఉండాలి. సరుకు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ ఒక గడి, రేటు ఒక గడి, ఏ తేదీ నుంచి అన్నది ఒకటి, ఏ తేదీ వరకు అన్నది ఒకటి. రేటు మారినప్పుడు పాత వరసలో అంకె దిద్దకండి. పాత వరసకు సెప్టెంబర్ 21 అని ముగింపు తేదీ వేసి, 22 నుంచి మొదలయ్యే కొత్త వరస చేర్చండి. బిల్లు తయారయ్యేటప్పుడు ప్రోగ్రాం ఈ రోజు తేదీతో కాకుండా బిల్లు తేదీతో రేటు వెతకాలి. ఈ ఒక్క తేడా తెలియక పాత బిల్లు మళ్లీ ప్రింట్ తీస్తే కొత్త రేటు పడిన దుకాణాలు నాకు తెలుసు.

పరీక్షించడానికి మూడు కాగితాలు చాలు. 21వ తేదీ బిల్లు ఒకటి, 22వ తేదీ బిల్లు ఒకటి, ఆ 21వ తేదీ బిల్లు మీద 23న రాసిన క్రెడిట్ నోటు (బిల్లు మొత్తం తగ్గిస్తూ ఇచ్చే కాగితం) ఒకటి. మూడోది పాత రేటులో రావాలి. మా దగ్గర మొదటి రెండూ వెంటనే సరిగ్గా వచ్చాయి, మూడోది రాత్రి తొమ్మిదింటి దాకా ఏడిపించింది.

పన్ను రేట్లే కాదు, ప్రింటు నమూనాలు, డిస్కౌంట్ స్కీములు, ఎస్సెమ్మెస్‌లలో వెళ్లే మాటలు, ఎవరు ఎంతవరకు ఉద్దెర ఇవ్వవచ్చు అన్న పరిమితులు కూడా ఇదే దారి. మీ సాఫ్ట్‌వేర్‌లో ఇవి ప్రోగ్రాం లోపల ఇరుక్కుని ఉంటే, కొత్త సదుపాయాలు అడిగే ముందు వీటిని పట్టికల్లోకి తీయమని అడగండి.

4. సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనికొచ్చే ఉత్తరం రాయండి

మూడో కుప్పలో మిగిలినవి ‘ఎప్పుడు వస్తాయి’ అని అడిగితే ‘త్వరలో’ అంటారు. ఆ ప్రశ్న మానేయండి. కాదనడానికి వీల్లేకుండా, తేదీతో జవాబు ఇవ్వాల్సిన ప్రశ్నలు అడగండి. నేను పంపిన ఉత్తరం దాదాపు ఇలా ఉంటుంది:

“అయ్యా, నెలాఖరున బకాయిల రిపోర్టు తీసేటప్పుడు మీ ప్రోగ్రాం నలభై నిమిషాలు తీసుకుంటోంది. అదే క్వెరీని (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నను) మేం విడిగా నడిపితే రెండు నిమిషాల్లో వస్తోంది. రెండింటి వివరాలూ జతచేశాం. దీనివల్ల నెలకు ఇద్దరు ఉద్యోగులకు ఒక పూట పోతోంది. ఒకటి, పూర్తి వెర్షన్ దాకా ఆగకుండా దీనికి విడిగా చిన్న సవరణ (ప్యాచ్) ఇవ్వగలరా? రెండు, డేటాబేస్ ఏయే వెర్షన్ల మీద మీ ప్రోగ్రాం నడుస్తుందో రాసి ఇవ్వగలరా? మూడు, ఇవ్వలేకపోతే ఏ త్రైమాసికంలో ఇస్తారు?”

ఇందులో కోపం లేదు చూడండి. కోపం ఫోనులో చూపించుకోవచ్చు, ఉత్తరంలో అంకెలు ఉండాలి. మన ఉత్తరం వాళ్ల ఆఫీసులో పని చేసేవాడి దగ్గరికి వెళ్లాలంటే, అతను తన కంప్యూటర్ మీద అదే తప్పును మళ్లీ పుట్టించగలగాలి.

పంపే సమయం కూడా ముఖ్యం. ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) పునరుద్ధరణకు రెండు నెలల ముందు పంపండి, చెక్కు ఇచ్చిన మర్నాడు కాదు. ఆ సంతకంలోనే ఒక షరతు కూడా పెట్టించండి: మన డేటా మొత్తం, పట్టికల వివరాలతో సహా, అడిగినప్పుడు మామూలు ఫైళ్లలో తీసి ఇవ్వాలి. దీనికి ఎవరైనా తటపటాయిస్తే మీకు అర్థం కావాల్సింది అర్థమైనట్టే.

5. ప్యాచ్‌లు వేస్తున్నారో లేదో చూసుకోండి

ఇది చిన్న సంగతి. పెద్ద వెర్షన్ల మధ్య చిన్న సవరణలు వస్తూనే ఉంటాయి. ఒరాకిల్ జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్‌లలో ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్‌లలో ఇస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు 2017 వెర్షన్ నుంచి సర్వీస్ ప్యాక్‌లు (సవరణల పెద్ద మూటలు) లేవు. ‘సర్వీస్ ప్యాక్ వచ్చాక చూద్దాం’ అని ఇంకా ఆగినవాళ్లు రాని బస్సు కోసం నిలబడ్డారు. అంతకుముందటి సవరణలన్నీ కలిపి వచ్చే క్యుములేటివ్ అప్‌డేట్‌లు వేసుకోవాలి.

6. రిహార్సల్ చేసి ఉంచుకోండి

మూడో గడియారం, అంటే మన ఆలస్యం, తగ్గేది ఇక్కడే. నిన్న రాత్రి బ్యాకప్‌ను వేరే యంత్రంలోకి ఎక్కించండి. పాత డెస్క్‌టాప్ అయినా సరే. ఎస్‌క్యూఎల్ సర్వర్ డెవలపర్ ఎడిషన్ ఇలాంటి పరీక్షలకు ఉచితమే, లైసెన్సు ఖర్చు అని వెనకాడనక్కర్లేదు. దాని మీద కొత్త వెర్షన్ పెట్టి, ఒక నెలాఖరు పని మొత్తం చేయండి. ఎక్కువ వాడే ఇరవై రిపోర్టులకు పాతదాంట్లో ఎంతసేపు, కొత్తదాంట్లో ఎంతసేపు అన్నది రాసుకోండి.

ఆ యంత్రాన్ని ఇంటర్నెట్ నుంచి తప్పకుండా విడదీయండి. మేం మొదటి రిహార్సల్ ఆదివారం పెట్టుకున్నాం. మధ్యాహ్నం రెండింటికి మా మేనేజరుగారి ఫోను మోగడం మొదలైంది. రిహార్సల్ యంత్రం నిజమైన షాపులకు ‘మీ బకాయి చెల్లించండి’ అని ఎస్సెమ్మెస్‌లు పంపుతోంది, అప్పటికే చెల్లించినవాళ్లకు కూడా. ఎస్సెమ్మెస్, మెయిల్, ఈ-ఇన్‌వాయిస్ ఖాతాల పాస్‌వర్డులు ఆ కాపీలో ముందే చెరిపేయండి.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఒక మంచి సౌకర్యం ఉంది. ఇంజన్ కొత్తది పెట్టి, కాంపాటిబిలిటీ లెవెల్ (ఏ వెర్షన్ తీరులో నడవాలో చెప్పే అంకె) మాత్రం పాతదే ఉంచవచ్చు. 2022 వెర్షన్ 2008 నాటి లెవెల్‌లో కూడా నడుస్తుంది. అలా కొన్నాళ్లు నడిపి, క్వెరీల వేగం రాసిపెట్టే క్వెరీ స్టోర్‌లో వేగం నమోదు చేసుకుని, తర్వాత లెవెల్ పెంచితే ఏ రిపోర్టు మందగించిందో వెంటనే పట్టుబడుతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లు కొత్త వెర్షన్‌కు ఒప్పుకోని చోట ఈ మాట చెప్పి చూడండి, కొందరు మెత్తబడతారు. పోస్ట్‌గ్రెస్‌లో వెర్షన్ మార్చే పరికరం పీజీ అప్‌గ్రేడ్‌ను ముందు తనిఖీకి మాత్రమే నడిపే వీలుంది. అసలు అప్‌గ్రేడ్ అయ్యాక, పట్టికల గణాంకాలు సేకరించే అనలైజ్ ఆదేశం నడపడం మరిస్తే, 18కి ముందు వెర్షన్లలో పట్టికల గణాంకాలు వెంట రావు కాబట్టి, అన్నీ నత్తనడక నడుస్తాయి. కొత్త వెర్షన్ బాగోలేదన్న పేరు ఇలాగే పడుతుంది.

వెనక్కి వచ్చే దారి ముందే చూసుకోండి, ఎందుకంటే చాలాచోట్ల అది ఉండదు. కొత్త ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తీసిన బ్యాకప్ పాతదాంట్లో ఎక్కదు. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి 5.7కు అదే ఫైళ్లతో దిగడం కుదరదు. ఒరాకిల్‌లో ఏ వెర్షన్ తీరులో నడవాలో చెప్పే కాంపాటిబుల్ అంకె ఒకసారి పెంచితే దించలేరు. కాబట్టి ‘సాయంత్రం ఐదు లోపు తేలకపోతే పాత సర్వరే తిరిగి పెడతాం’ అని ఒక గడువు రాసుకోండి. ఆ గడువును పని చేసే మనిషి కాకుండా పక్కన కూర్చున్న ఇంకొకరు చూడాలి. పనిలో మునిగినవాడు ఎప్పుడూ ఇంకో పది నిమిషాలే అంటాడు, నేను అన్నాను.

ఇక ఏ రోజు చేయాలన్నది. 11న జీఎస్‌టీఆర్-1 రిటర్ను, 20న 3బీ రిటర్ను, నెలాఖరున లెక్కల మూసివేత. మధ్యలో మిగిలేది 21 నుంచి 27 దాకా, అందులో ఒక ఆదివారం. మార్చి, ఏప్రిల్ అసలే వద్దు. దసరా, దీపావళి ముందు నెల వద్దు.

7. వేరే డేటాబేస్‌కు మారాలనుకుంటే

విసుగెత్తి పోస్ట్‌గ్రెస్‌కు వెళ్లిపోదాం అనుకునేవాళ్లున్నారు. దానికి ఏటా ఒక పెద్ద వెర్షన్, సాధారణంగా సెప్టెంబర్, అక్టోబర్‌లలో, ఠంచనుగా వస్తుంది. అది నిజమే. ఒక్కో వెర్షన్‌కు మద్దతు ఐదేళ్లే అన్నదీ నిజమే. ఇంతకాలం ‘రాలేదు’ అని ఏడ్చినవాళ్లు అక్కడికి వెళ్లి ‘మళ్లీ వచ్చిందా’ అని ఏడవడం నేను చూశాను. పదేళ్లకు పైగా ఒకే వెర్షన్ మీద కాపురం చేయడం అలవాటైన ఆఫీసుకు అది చిన్న మార్పు కాదు.

ప్రయత్నించేవారు అమ్మకాల వ్యవస్థతో మొదలుపెట్టకండి. హాజరు పట్టికో, వాహనాల రిజిస్టరో మార్చి చూడండి. ఒరాకిల్ నుంచి వెళ్లేవారికి మొదటి వారంలోనే తగిలే రాయి ఒకటుంది. ఒక్క అక్షరమూ లేని ఖాళీ మాటను ఒరాకిల్ నల్‌గా (అసలు విలువే లేనట్టుగా) చూస్తుంది, పోస్ట్‌గ్రెస్ రెండింటినీ వేరుగా చూస్తుంది. ‘ఫోను నంబరు లేని ఖాతాదారులు’ అనే రిపోర్టు రెండు చోట్లా వేర్వేరు సంఖ్య చూపిస్తే కారణం అదే. అలాంటి రిపోర్టులు మీ దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాక, మారాలా వద్దా అన్నది నిర్ణయించుకోండి.

మా సంస్థ మారలేదు. సంతకం కోసం ఉన్న ఫైలు కదిలింది, కొత్త సర్వర్ వచ్చింది, ఒక 23వ తేదీ ఆదివారం నాడు పాత వెర్షన్ దిగిపోయింది. మర్నాడు సోమవారం పెద్దాయన వచ్చి ఎప్పటిలాగే అడిగారు. వచ్చిందండీ అన్నాను. “అయితే ఆ బకాయిల రిపోర్టులో కొత్తగా ఇంకో గడి కావాలి” అన్నారు.